బ్యాంకు పేరుతో వచ్చే గేలం: పోల్చుకోవడం ఎందుకు కష్టం, తప్పించుకోవడం ఎందుకు తేలిక

ఫోన్‌లో బ్యాంకు మెసేజ్‌లన్నీ ఒకే వరుసలో ఉంటాయి. జీతం జమ అయినట్టు చెప్పిన మెసేజ్, కిందటి వారం వచ్చిన ఓటీపీ, కార్డు వాడినప్పుడు వచ్చిన సమాచారం, వాటి కింద ఇవాళ్టి హెచ్చరిక: "మీ ఖాతాలోకి కొత్త ఫోన్ నుంచి లాగిన్ జరిగింది. మీరు కాకపోతే వెంటనే ఈ లింక్ నొక్కండి." ఈ చివరిది దొంగ పంపినదైనా సరే, ఆ వరుసలోనే వచ్చి కూర్చోగలదు. మెసేజ్‌లను పేర్చేటప్పుడు ఫోన్ చూసేది పంపినవారి పేరు ఒక్కటే. ఎస్ఎంఎస్‌లో నంబరుకు బదులు 11 అక్షరాల దాకా పేరు పెట్టుకునే వీలుంది. ఆ పేరు నిజంగా ఆ సంస్థదేనా అని తేల్చే ఏర్పాటు ఈ వ్యవస్థకు పుట్టుకతో లేదు. పేర్లను ముందే నమోదు చేయించాలనే కట్టడి లేని చోట ఎవరైనా ఏ బ్యాంకు పేరైనా తగిలించుకుని పంపవచ్చు.

2021 డిసెంబరులో సింగపూర్‌లో జరిగింది ఇదే. ఒక పెద్ద బ్యాంకు పేరుతో, ఆ బ్యాంకు అసలు మెసేజ్‌లున్న వరుసలోనే, ఖాతాలో ఏదో తేడా వచ్చిందంటూ లింకులు వచ్చాయి. కొద్ది వారాల్లో దాదాపు 790 మంది కలిపి 1.37 కోట్ల సింగపూర్ డాలర్లు పోగొట్టుకున్నారు. వాళ్లు అజాగ్రత్తగా ఉన్నారనడం అన్యాయం. అంతకుముందు ఎన్నో నిజమైన మెసేజ్‌లు వచ్చిన చోటికే ఇదీ వచ్చింది కాబట్టి నమ్మారు. చివరికి బ్యాంకే ఆ నష్టాన్ని తన డబ్బుతో పూడ్చింది.

ఈ ఘటన ఒక సంగతిని తేటతెల్లం చేస్తుంది. "దొంగ మెసేజ్‌ను గుర్తుపట్టడం నేర్చుకోండి" అని ఎప్పటినుంచో వినిపిస్తున్న సలహా మంచిదే కానీ, మన భద్రత అంతటినీ దాని మీద నిలబెట్టలేం. మెసేజ్ నిజమో కాదో ప్రతిసారీ సరిగ్గా తేల్చడం నిపుణులకూ సాధ్యం కాదు. తేల్చనవసరం లేని పద్ధతి ఒకటుంది. దాని దగ్గరికి వెళ్లేముందు, గుర్తుపట్టడం ఇంత కష్టం ఎందుకైందో చూడాలి.

ఈమెయిల్ సంగతి ఎస్ఎంఎస్‌ కన్నా పాతది. ఈమెయిళ్లను ఒక చోటి నుంచి మరో చోటికి చేరవేసే పద్ధతికి 1982లో ప్రమాణం రాసినప్పుడు, అది ఒకరినొకరు ఎరిగిన కొద్ది సంస్థల మధ్య నడిచే వ్యవహారం. ఉత్తరం కవరు మీద ఎవరైనా ఏ పేరైనా రాసి తపాలా పెట్టెలో వేయగలిగినట్టు, పంపినవారి చిరునామా చోట ఏది రాసినా అప్పట్లో అడిగేవారు లేరు. ఆ లోటు పూడ్చడానికి తర్వాతి కాలంలో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు తనిఖీలు ఒకదాని మీద ఒకటి వచ్చాయి. ఒక డొమైన్ పేరుతో, అంటే ఇంటర్నెట్ చిరునామాలో సంస్థ సొంతం చేసుకున్న పేరుతో, మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకు ఉందో మొదటిది చెబుతుంది, మెయిల్ మీద డిజిటల్ సంతకం వేసేది రెండోది, ఈ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది మూడోది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవారికి వీటిని తప్పనిసరి చేశాయి.

ఇవి పనికొచ్చే తనిఖీలే. అయితే ఇవి కాపాడేది బ్యాంకు అసలు డొమైన్ పేరును మాత్రమే. దొంగ ఆ పేరుకు ఒక అక్షరం అటూ ఇటూగా ఉన్న కొత్త డొమైన్ కొనుక్కుని, దానికి ఈ మూడింటినీ చక్కగా అమర్చుకుంటే పరీక్షలన్నీ నెగ్గుతాడు. పైగా ఫోన్‌లో మెయిల్ తెరిస్తే చాలా యాప్‌లు పంపినవారి పేరే చూపిస్తాయి, అసలు చిరునామా కనబడాలంటే ఆ పేరు మీద నొక్కాలి. పేరు చోట "ఖాతాదారుల సేవా విభాగం" అని రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక భాష. అక్షర దోషాలుంటే మోసమని, చక్కటి భాష ఉంటే నిజమని చాలామంది మనసులో నాటుకుపోయింది. మొదటి సగం నిజమే. రెండో సగమే కొంప ముంచుతుంది. 2012లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హెర్లీ ఒక ఆసక్తికరమైన వాదన చేశారు. లాటరీ, వారసత్వం పేరిట వచ్చే పాత తరహా మోసపు మెయిళ్లు కావాలనే నమ్మశక్యం కాకుండా ఉంటాయని, జాగ్రత్తపరులు మొదట్లోనే తప్పుకుని తేలిగ్గా నమ్మేవారే మిగిలితే మోసగాడికి శ్రమ తగ్గుతుందని ఆయన లెక్క. బ్యాంకు పేరుతో చేసే ఫిషింగ్‌లో, అంటే దొంగ మెసేజ్‌తో వివరాలు రాబట్టే ఈ మోసంలో, ఆ లెక్క తిరగబడుతుంది. ఇక్కడ ఒక్కొక్కరితో రోజుల తరబడి మాట్లాడే పని లేదు, పేజీ తనంతట తానే పనిచేస్తుంది. అందుకే ఎంత ఎక్కువమంది నమ్మితే అంత లాభం. ఏ భాషలోనైనా తప్పులేని వాక్యాలు రాసిపెట్టే కృత్రిమ మేధ పరికరాలు అందరికీ అందుబాటులోకి వచ్చాక, భాషను బట్టి మోసాన్ని పట్టే రోజులు పోయాయి.

కాకతాళీయం కూడా మోసగాడికి తోడు వస్తుంది. లక్షల మందికి ఒకే మెసేజ్ పంపితే, అందులో కొందరు ఆ క్షణంలో నిజంగానే కార్డు గడువు ముగుస్తోందని ఎదురుచూస్తుంటారు, కొందరు అప్పుడే ఏదో కొని ఉంటారు, కొందరికి ఆ ఉదయమే పాస్‌వర్డ్ పనిచేయక ఇబ్బంది అయి ఉంటుంది. "నా సంగతి వాళ్లకెలా తెలిసింది, కాబట్టి ఇది బ్యాంకే" అనిపిస్తుంది. వాళ్లకేమీ తెలియదు. వేసిన వల పెద్దది, అంతే. వేరే సంస్థల నుంచి దొంగిలించిన సమాచారంతో పేరు, ఖాతా నంబరు చివరి అంకెలు కూడా కలిపి రాసే సందర్భాలూ ఉన్నాయి. మన పేరు తెలిసినంత మాత్రాన బ్యాంకు కాదు.

లింకును చదవడం

లింకు చిరునామాను చదవడం తెలిస్తే కొంత మేలు. తెలుగులో ఇంటి చిరునామా రాసేటప్పుడు ఊరి పేరు చివర వస్తుంది కదా, వెబ్ చిరునామాలోనూ యజమాని పేరు చివరే ఉంటుంది. మొదట్లో ఉండే జంట గీతలను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి ఎడమకు చదవాలి. "మనబ్యాంకు.కామ్" అసలు చిరునామా అనుకుందాం. "మనబ్యాంకు.కామ్.ఖాతా-తనిఖీ.నెట్" అన్నది బ్యాంకుది కాదు, "ఖాతా-తనిఖీ.నెట్" కొనుక్కున్నవాడిది. దానికి ఎడమవైపున ఎన్ని మాటలైనా పైసా ఖర్చు లేకుండా తగిలించుకోవచ్చు. ఫోన్ తెర చిన్నది కాబట్టి ఆ ఎడమ భాగమే కనబడి, అసలు యజమాని పేరు తెర అవతల ఉండిపోవడం మోసగాళ్లకు బాగా కలిసొస్తుంది.

ఇంగ్లిష్ అక్షరాల పోలికలు మరో ఇబ్బంది. చిన్నబడి ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగే ఉంటుంది. పెద్దబడి ఐ, చిన్నబడి ఎల్ చాలా ఫాంట్లలో ఒక్కటే. రష్యన్ భాష రాసే సిరిలిక్ లిపిలో కొన్ని అక్షరాలు ఇంగ్లిష్ అక్షరాలకు అచ్చుగుద్దినట్టు ఉంటాయి, కంప్యూటరుకు మాత్రం అవి వేరు. వీటితో చిరునామాలు సృష్టించవచ్చని పరిశోధకులు రెండు దశాబ్దాల కిందటే చూపించారు. బ్రౌజర్లు కొన్ని జాగ్రత్తలు పెట్టాయి గానీ, కంటికి ఒకేలా ఉన్నవాటిని కన్నే పట్టుకోవాలనడం న్యాయం కాదు. క్యూఆర్ కోడ్ అయితే కంటికి ఆ మాత్రం అవకాశం కూడా ఇవ్వదు. లింకులను వడపోసే మెయిల్ ఫిల్టర్లు బొమ్మలో దాగిన చిరునామాను అంత తేలిగ్గా పట్టవు కాబట్టి, ఈమెయిల్‌లో క్యూఆర్ కోడ్ పెట్టి స్కాన్ చేయమనడం ఈమధ్య పెరిగింది.

తాళం గుర్తు గురించి ఒక్క మాట. బ్రౌజర్‌లో తాళం కనబడితే సైటు సురక్షితమని ఒకప్పుడు బ్యాంకులే నేర్పాయి. ఆ గుర్తు చెప్పేది మన ఫోన్‌కూ ఆ సైటుకూ మధ్య మాటలు గుప్తంగా సాగుతున్నాయని మాత్రమే. అవతల ఉన్నది దొంగ అయితే, దొంగతో గుప్తంగా మాట్లాడుతున్నామని అర్థం. 2015 చివరి నుంచి ఇందుకు కావలసిన సర్టిఫికెట్లు ఎవరికైనా ఉచితంగా దొరుకుతున్నాయి. జనం ఆ గుర్తును తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే కారణంతోనే 2023లో క్రోమ్ బ్రౌజర్ దాన్ని తీసేసి మామూలు సెట్టింగ్స్ గుర్తు పెట్టింది.

ఓటీపీ నిజమైనదే, పేజీ మాత్రం కాదు

ఈ మోసంలో అందరూ బాగా అర్థం చేసుకోవలసిన భాగం ఇది. ఓటీపీ ఉంది కాబట్టి పాస్‌వర్డ్ పోయినా భయం లేదని చాలామంది ధీమా. దొంగ పేజీ వెనక జరిగేది చూస్తే ఆ ధీమా నిలవదు.

ఖాతాదారు లింకు నొక్కి, అచ్చం బ్యాంకు పేజీలా ఉన్న చోట యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొడతారు. ఆ క్షణంలోనే దొంగ ప్రోగ్రాం వాటిని తీసుకెళ్లి అసలు బ్యాంకు సైటులో కొడుతుంది. అసలు బ్యాంకు తన పద్ధతి ప్రకారం ఖాతాదారు ఫోన్‌కు ఓటీపీ పంపుతుంది. ఇటు దొంగ పేజీ "మీకు వచ్చిన ఓటీపీ ఇక్కడ రాయండి" అని పెట్టె చూపిస్తుంది. ఓటీపీ నిజంగా బ్యాంకు నుంచే వచ్చింది కాబట్టి ఖాతాదారుకు ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోతుంది. రాసిన మరుక్షణం అది అసలు సైటులోకి చేరుతుంది. ఓటీపీకి ఉన్న రెండు మూడు నిమిషాల గడువు మనిషికి తక్కువ గానీ, ప్రోగ్రాముకు కావలసినంత. ఇలా మధ్యలో కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసే పరికరాలు మోసగాళ్ల మధ్య సిద్ధంగా అమ్ముడవుతున్నాయి, కాబట్టి దీనికి పెద్ద సాంకేతిక జ్ఞానం కూడా అక్కర్లేదు.

ఇక్కడ ఆదుకోగలిగేది ఆ ఓటీపీ మెసేజ్‌లోని మిగతా వాక్యమే. చాలా బ్యాంకులు ఓటీపీతో పాటు అది ఎందుకో రాస్తాయి: ఫలానా మొత్తం ఫలానావారికి చెల్లించడానికి, కొత్త వ్యక్తిని చెల్లింపుల జాబితాలో చేర్చడానికి, కొత్త ఫోన్‌లో యాప్ నమోదుకు. ఆరు అంకెలను మాత్రమే చూసి, మిగతాది వదిలేయడం మనకు అలవాటు. లావాదేవీ "రద్దు" చేస్తున్నామనుకుంటున్నప్పుడు ఓటీపీ మెసేజ్‌లో "చెల్లింపు" అని ఉంటే, అక్కడితో చేయి ఆగిపోవాలి. ఓటీపీ, పిన్ ఉన్నది అనుమతి ఇవ్వడానికి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి మన పిన్‌తో పని లేదు.

అందుకే మెసేజ్ ఎలా ఉందన్నది పక్కనపెట్టి, అది ఏం చేయమంటోందన్నది చూడటం మేలు. రూపం మార్చుకోవడం మోసగాడికి తేలిక, అవసరం మార్చుకోవడం కుదరదు. వాడికి కావలసింది పాస్‌వర్డో, ఓటీపీయో, కార్డు వెనక మూడంకెలో, ఫోన్ మీద పట్టో, లేదా మన చేత్తోనే వేరే ఖాతాకు డబ్బు పంపించడమో. కాబట్టి ఎన్ని వేషాలేసినా చివరికి వీటిలో ఒకటి అడిగి తీరాలి. లింకులో వచ్చిన యాప్ ఫైలును ఇన్‌స్టాల్ చేయమంటే, తెరను చూపించే యాప్ పెట్టుకోమంటే, "మీ ఖాతా ప్రమాదంలో ఉంది, డబ్బును ఈ సురక్షిత ఖాతాలోకి మార్చండి" అంటే, పంపింది ఎవరన్న చర్చే అనవసరం. సొంత డబ్బును కాపాడటానికి వేరే ఖాతాకు పంపమని ఏ బ్యాంకూ అడగదు. లింకే లేకుండా ఒక ఫోన్ నంబరు మాత్రం ఇచ్చి, కాల్ చేయమనే మెసేజ్‌లకూ ఇదే వర్తిస్తుంది. అవతల చాలా మర్యాదగా మాట్లాడే మనిషి ఉంటాడు, అడిగేవి మాత్రం ఇవే.

వాళ్ల దారి వదిలి, మన దారి

పైన అనుకున్న పద్ధతి ఇదే: మెసేజ్‌లో ఉన్న సంగతి పట్టించుకోవచ్చు, మెసేజ్ చూపిన దారిలో మాత్రం వెళ్లకూడదు. ఖాతాలో తేడా జరిగిందని వస్తే, లింకు నొక్కకుండా ఫోన్‌లో ముందే ఉన్న బ్యాంకు యాప్ తెరిచి చూడాలి. నిజంగా తేడా ఉంటే అక్కడా కనబడుతుంది. యాప్ లేకపోతే కార్డు వెనక అచ్చువేసిన నంబరుకు కాల్ చేయాలి, లేదా గతంలో తామే భద్రపరచుకున్న బుక్‌మార్క్ నుంచి సైటుకు వెళ్లాలి. మెసేజ్ నిజమైతే పోయేదేమీ లేదు, ఒక నిమిషం ఆలస్యం తప్ప. అబద్ధమైతే మోసగాడి పథకం మొత్తం అక్కడే ఆగిపోతుంది. గుర్తుపట్టే తెలివి, అక్షరాలు పోల్చే ఓపిక, సాంకేతిక జ్ఞానం, ఏదీ అక్కర్లేదు. నిద్రమత్తులో ఉన్నవారూ, చూపు మందగించిన పెద్దవారూ పాటించగలిగేది ఇదొక్కటే.

ఇందులో జారిపోయే చోటు ఒకటుంది. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకడం. వెతుకులాట ఫలితాల పైన డబ్బు కట్టి ప్రకటన పెట్టడం, ఆన్‌లైన్ మ్యాపుల్లో బ్యాంకు శాఖ నంబరును మార్చి రాయడం మోసగాళ్లకు తెలిసిన విద్యలే. మన దారి అనుకుని వెళ్లింది కూడా వాళ్ల దారే అవుతుంది. ఆ నంబరును కార్డు మీద నుంచో, పాస్‌బుక్ మీద నుంచో ప్రశాంతంగా ఉన్నప్పుడే ఫోన్‌లో రాసి పెట్టుకోవడం ఉత్తమం.

ఇదే సూత్రాన్ని యంత్రం చేత చేయించే పరికరాలు కూడా ఉన్నాయి. పాస్‌వర్డ్ మేనేజర్ ఏ చిరునామాకు పాస్‌వర్డ్ దాచిందో ఆ చిరునామాలోనే దాన్ని తనంతట తాను నింపుతుంది. ఎప్పుడూ నిండే పెట్టె ఇవాళ ఖాళీగా ఉందంటే, అది విసుక్కోవలసిన లోపం కాకపోవచ్చు, హెచ్చరిక కావచ్చు. పాస్‌వర్డ్‌కు బదులు వాడే డిజిటల్ తాళంచెవి, పాస్‌కీ, ఇంకా గట్టిది. 2019 మార్చిలో వెబ్ ప్రమాణంగా ఖరారైన పద్ధతి మీద నడిచే ఈ తాళంచెవి, తాను పుట్టిన సైటు చిరునామాకు కట్టుబడి ఉంటుంది. దొంగ సైటు ఎంత అచ్చంగా ఉన్నా చిరునామా వేరు కాబట్టి అక్కడ అది పనిచేయదు, ఇద్దామనుకున్నా ఇవ్వలేం. గూగుల్ 2017లో తన ఉద్యోగులకు ఇదే సూత్రంతో పనిచేసే భౌతిక తాళంచెవులను తప్పనిసరి చేశాక, 85 వేలకు పైగా ఉద్యోగుల్లో ఎవరి ఆఫీసు ఖాతా కూడా ఫిషింగ్‌కు చిక్కలేదని మరుసటి ఏడాది చెప్పింది. బ్యాంకు పాస్‌కీ ఇస్తుంటే తీసుకోవడమే మంచిది.

బ్యాంకుల తప్పూ తక్కువేం కాదు. ఒకవైపు "లింకులు నొక్కకండి" అని చెబుతూ, మరోవైపు రుణాల ప్రకటనలను కుదించిన లింకులతో పంపుతాయి. తమ డొమైన్ కాని వేరే ప్రచార సంస్థల చిరునామాల నుంచి మెయిళ్లు పంపుతాయి. తామే ఫోన్ చేసి, "ధ్రువీకరణ కోసం మీ పుట్టిన తేదీ చెప్పండి" అని అడుగుతాయి. ఖాతాదారులకు మోసానికి లొంగే అలవాటును ఇలా బ్యాంకులే నేర్పుతున్నాయి. సింగపూర్ నియంత్రణ సంస్థ దీన్ని సరిగ్గా గ్రహించింది. 2022 జనవరిలో, వ్యక్తిగత ఖాతాదారులకు వెళ్లే ఎస్ఎంఎస్‌లలో, ఈమెయిళ్లలో నొక్కే లింకులు తీసేయాలని బ్యాంకులను ఆదేశించింది. ఆ దేశంలో 2023 జనవరి నుంచి ఎస్ఎంఎస్‌లో పేరు వాడాలంటే ముందే నమోదు చేయించుకోవాలి, నమోదు కాని పేరుతో వచ్చే మెసేజ్ మోసం కావచ్చనే ముద్రతో కనబడుతుంది. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి, మోసపోయి తామే డబ్బు పంపినవారికి సైతం కొన్ని షరతులతో 85,000 పౌండ్ల వరకు తిరిగి ఇవ్వడం చెల్లింపు సంస్థలకు తప్పనిసరి అయింది. నష్టం తమ మీద పడితే తప్ప సంస్థలు మేలుకోవు. భారాన్నంతా ఖాతాదారు అప్రమత్తత మీదకు నెట్టే ఏ ప్రచారమైనా సగం పనే.

ఇప్పటికే చిక్కినవారికి

వివరాలు ఇచ్చేశామని తెలిసిన క్షణం నుంచి గడియారం పరుగు పెడుతుంది. పోయిన డబ్బు ముందు ఎవరివో అద్దె ఖాతాల్లోకి, అక్కడి నుంచి ముక్కలై మరికొన్ని ఖాతాల్లోకి వెళుతుంది. మొదటి ఖాతాలో ఉండగా ఆపితే దక్కే అవకాశం ఉంది, నగదుగానో క్రిప్టోగానో మారాక దాదాపు లేదు. కాబట్టి మొట్టమొదట బ్యాంకుకు కాల్ చేసి ఖాతాను, కార్డును ఆపించాలి. చాలా యాప్‌లలో కార్డును అక్కడికక్కడే ఆపేసే మీట ఉంటుంది. ఫిర్యాదు సంఖ్య, సమయం రాసి పెట్టుకోవాలి. తర్వాత పోలీసులకు, మీ దేశంలో సైబర్ నేరాలను నమోదు చేసే విభాగానికి చెప్పాలి. మెసేజ్‌ను కోపంతో చెరిపేయకూడదు, అది సాక్ష్యం.

లింకు ద్వారా ఏదైనా యాప్ ఎక్కించి ఉంటే ఆ ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చడం వల్ల లాభం లేదు. కొత్త పాస్‌వర్డ్ కూడా వాళ్లకు కనబడవచ్చు. ఆ ఫోన్‌కు ఇంటర్నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు కాల్ చేయాలి, మార్పులన్నీ వేరే పరికరం నుంచే చేయాలి. ఈమెయిల్ పాస్‌వర్డ్ పోయి ఉంటే దాన్నీ వెంటనే మార్చాలి, మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు తిరిగి పెట్టుకునే దారి అక్కడి నుంచే వెళుతుంది.

ఈ పనులన్నిటినీ ఆలస్యం చేసేది సిగ్గు. ఇంట్లో తిడతారని, పిల్లలు నవ్వుతారని పెద్దవారు రోజుల తరబడి చెప్పకుండా కుమిలిపోతారు. ఆ రోజుల్లోనే డబ్బు అందనంత దూరం వెళుతుంది. మోసపోయిన మనిషి నోరు విప్పినప్పుడు ఇంట్లోవాళ్లు మొదట అడగవలసింది "ఎందుకు నొక్కావు" అని కాదు, "బ్యాంకుకు చెప్పావా" అని.

కొన్నాళ్లకు మరో ఫోనో మెయిలో వస్తుంది. ఒకసారి చిక్కినవారి పేర్లు, నంబర్లు మోసగాళ్ల మధ్య చేతులు మారుతుంటాయి. ఈసారి వచ్చేవాడు పోలీసు అధికారిననో, న్యాయవాదిననో, పోయిన డబ్బు రాబట్టే సంస్థ మనిషిననో చెబుతాడు. ఎంత పోయిందో, ఏ తేదీన పోయిందో కూడా సరిగ్గా చెబుతాడు. డబ్బు దొరికిందని, చిన్న రుసుము కడితే ఖాతాలో వేస్తామని అంటాడు. ఫిర్యాదు నిజంగా కదిలితే ఆ సంగతి ఫిర్యాదు సంఖ్యతో బ్యాంకును, పోలీసులను మనమే అడిగితే తెలుస్తుంది. రుసుము కట్టమని మనల్ని వెతుక్కుంటూ వచ్చినవాడు, మొదటి మెసేజ్ పంపినవాడి తోటివాడే.